కారిన బ్యాటరీ, కరిగిన రాగి

1980ల తొలినాళ్ల అనలాగ్ సింథసైజర్లు మూలపడటానికి ముఖ్య కారణాల్లో ఒకటి వాటి లోపలి సర్క్యూట్ బోర్డు మీద టంకం వేసి ఉంచిన చిన్న బ్యాటరీ. స్వరం పుట్టించే ఆసిలేటర్లు, ఫిల్టర్లు నలభై ఏళ్ల తర్వాత కూడా చాలావరకు బాగానే పనిచేస్తాయి. వాటికి ఆదేశాలిచ్చే బోర్డు మాత్రం బ్యాటరీ నుంచి కారిన క్షారంలో నాని, రాగి ట్రాకులు తెగి, పిచ్చి పిచ్చిగా ప్రవర్తిస్తుంది. ఇలాంటి బోర్డును బాగుచేయడానికి ఎలక్ట్రానిక్స్ ఎంత తెలియాలో, ఇంటర్మీడియట్ స్థాయి రసాయన శాస్త్రం కూడా అంతే తెలియాలి. ఆ రెండో భాగాన్ని పట్టించుకోకుండా చేసిన మరమ్మతులే కొన్నాళ్లకు మళ్లీ విఫలమవుతాయి.

మొదట్లో సింథసైజర్లలో బ్యాటరీ ఉండేది కాదు. నాబులు ఎక్కడ తిప్పి ఉంటే అదే స్వరం. కచేరీ మధ్యలో స్వరం మార్చాలంటే పది, ఇరవై నాబులను మళ్లీ సరిచేయాలి. అందుకే వాద్యకారులు నాబుల స్థానాలను కాగితం మీద గీసి పెట్టుకునేవారు. 1978లో కాలిఫోర్నియాకు చెందిన సీక్వెన్షియల్ సర్క్యూట్స్ కంపెనీ ప్రాఫెట్-5ను విడుదల చేయడంతో ఈ పద్ధతి మారింది. అందులోని మైక్రోప్రాసెసర్ ప్రతి నాబు దగ్గరి వోల్టేజీని కొలిచి, సంఖ్యగా మార్చి, మెమరీ చిప్పులో దాచేది. బటన్ నొక్కితే ఆ సంఖ్యలు తిరిగి వోల్టేజీలై ఫిల్టర్లకు, ఆసిలేటర్లకు చేరేవి. అయితే ఆ ర్యామ్ చిప్పుకు కరెంటు పోతే జ్ఞాపకం పోతుంది. వాద్యాన్ని ఆపేసినా చిప్పుకు కొద్దిపాటి కరెంటు అందుతూ ఉండాలి కాబట్టి బోర్డు మీదికి బ్యాటరీ వచ్చింది.

ప్రాఫెట్-5 ధర దాదాపు 4 వేల డాలర్లు. 1981లో జపాన్ కంపెనీ కోర్గ్ తెచ్చిన పాలిసిక్స్ అందులో సగం ధరకే ఆరు స్వరాలను ఒకేసారి పలికించేది, 32 స్వరాల అమరికలను గుర్తుంచుకునేది. ఆ గుర్తుంచుకునే పని దాని లోపలి కేఎల్‌ఎం-367 అనే బోర్డుది. దాని మీద 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉండేది. మరమ్మతు చేసేవారిలో ఈ బోర్డు నంబరుకు చాలా అపఖ్యాతి ఉంది. కంపెనీ బిగించిన బ్యాటరీ ఇంకా ఉన్న పాలిసిక్స్‌ను తెరిస్తే ఎంతో కొంత చిలుము కనిపించడం మామూలే. అదే కంపెనీ అదే సంవత్సరం తెచ్చిన మోనో/పాలీలో మెమరీ లేదు. అందుకే దానికి ఈ జబ్బూ లేదు.

నికెల్ కాడ్మియం సెల్‌ను స్వీడన్ శాస్త్రవేత్త వాల్డెమార్ యుంగ్నర్ 1899లో కనిపెట్టాడు. రుణ ధ్రువం కాడ్మియం, ధన ధ్రువం నికెల్ ఆక్సీ హైడ్రాక్సైడ్, మధ్యలో గాఢమైన పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం. ఒక్కో సెల్ 1.2 వోల్టులిస్తుంది కాబట్టి మూడింటిని వరుసగా కలిపితే 3.6 వోల్టులు. వాద్యం ఆన్‌లో ఉన్నంతసేపు బ్యాటరీ ఛార్జ్ అవుతుంది, ఆపేశాక మెమరీని కాపాడుతుంది. రోజూ వాయించే వాద్యంలో ఈ ఏర్పాటు కొన్నేళ్లు చక్కగా నడుస్తుంది. ఏళ్ల తరబడి గదిలో మూలన పెట్టేస్తేనే చిక్కు. మూడు సెల్లులూ ఒకేసారి ఖాళీ కావు. వాటిలో బలహీనమైనది ముందు అడుగంటుతుంది. మిగతా రెండూ దానిలోంచే కరెంటును తోస్తూ ఉంటాయి కాబట్టి అది తలకిందులుగా ఛార్జ్ అవడం మొదలవుతుంది. అప్పుడు లోపల హైడ్రోజన్ పుట్టి ఒత్తిడి పెరిగి సీలు సడలుతుంది. అతిగా ఛార్జ్ చేసినా, సీలు ముసలిదైపోయినా ఫలితం ఇదే. క్షారం బయటపడుతుంది.

ఆ క్షారం కింద ఒలికిన నీళ్లలా ఒకచోట ఆగదు. సీలు చెక్కుచెదరనట్టు కనిపించే సెల్‌లో సైతం లోహపు ఉపరితలం మీదుగా, ముఖ్యంగా రుణ ధ్రువపు కాడ మీదుగా, మెల్లగా పాకుతూ వస్తుంది. రుణావేశం ఉన్న లోహం మీద గాలిలోని ఆక్సిజన్, నీరు కలిసి కొత్తగా హైడ్రాక్సైడ్ అయాన్లను పుట్టిస్తాయి. అవి మరింత తేమను లాగుతాయి, పొర ఇంకాస్త ముందుకు జరుగుతుంది. బ్యాటరీకి తీగలు కట్టి ఉంటే ప్లాస్టిక్ తొడుగు లోపలే కొన్ని సెంటీమీటర్ల దూరం వెళ్లిపోతుంది. అలాంటి తీగను కోసి చూస్తే లోపలి రాగి నల్లగా మాడినట్టు ఉంటుంది, దాని మీద టంకం నిలవదు.

గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి పొటాషియం హైడ్రాక్సైడు క్రమంగా పొటాషియం కార్బొనేటుగా మారుతుంది. బ్యాటరీ చుట్టూ కనిపించే తెల్లటి పొడి ఎక్కువగా ఇదే. ఎండిపోయింది కదా అని దాన్ని నిరపాయమని అనుకోవడానికి లేదు. పొటాషియం కార్బొనేటుకు గాలిలోని తేమను పీల్చుకుని తానే ద్రవంగా మారే గుణం ఉంది. వానాకాలంలో, సముద్రతీర పట్టణాల్లో ఈ పొడి మళ్లీ మళ్లీ తడిసి, తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. విశాఖపట్నం, కాకినాడ లాంటి ఊళ్లలో పెట్టిన వాద్యానికి పొడి వాతావరణంలో ఉన్నదానికన్నా ఈ ముప్పు ఎక్కువ.

బోర్డు మీద రాగి ట్రాకు మందం సాధారణంగా 35 మైక్రాన్లు, అంటే ఒక మిల్లీమీటరులో ముప్పయ్యో వంతుకు అటూ ఇటూ. దాని పైన ఆకుపచ్చని రక్షణ పూత ఉంటుంది. క్షారం ముందు ఆ పూత అంచుల్లోంచి, టంకం చుక్కల చుట్టూ ఉన్న సందుల్లోంచి కిందికి దూరి, పూతను రాగి నుంచి విడదీస్తుంది. ఆ తర్వాత ఆక్సిజన్, తేమ, క్షారం కలిసి రాగిని హైడ్రాక్సైడుగా, ఆక్సైడుగా, కార్బొనేటుగా మారుస్తాయి. నీలం, నలుపు, ఆకుపచ్చ రంగులు వీటివే. పూత కింద ట్రాకు నల్లబడి కనిపిస్తే అక్కడ రాగి ఎంతో కొంత పోయిందనే లెక్క. టంకంలో ఉండే తగరం, సీసం రెండూ అటు ఆమ్లంలోనూ ఇటు గాఢ క్షారంలోనూ కరిగే లోహాలు. అందుకే మెరవాల్సిన టంకం చుక్క బూడిద రంగుకు తిరిగి గరుకుగా తయారవుతుంది. రెండు వైపులా ట్రాకులున్న బోర్డుల్లో పై పొరను కింది పొరతో కలిపే సన్నని రంధ్రాలుంటాయి. వాటి లోపలి రాగి పూత ఇంకా పల్చన. పైకి నిక్షేపంగా ఉన్న రంధ్రం లోపల తెగిపోయి ఉండటం ఈ బోర్డుల్లో తరచూ ఎదురయ్యే మోసం.

ఇలా క్షారంతో రాగిని తినడమే కాక, బ్యాటరీ మరో రకంగానూ హాని చేస్తుంది. తడి క్షారం పొరలో పక్కపక్కనే ఉన్న రెండు ట్రాకుల మధ్య వోల్టేజీ ఉంటే, ధన వోల్టేజీ ఉన్న ట్రాకులోని రాగి విద్యుద్విశ్లేషణ వల్ల వేగంగా కరిగిపోతుంది. మెమరీకి బ్యాటరీ నుంచి వెళ్లే ట్రాకులో వాద్యం ఆపేసి ఉన్నా వోల్టేజీ ఉంటుంది. అంటే బ్యాటరీలో ప్రాణమున్నంత కాలం ఆ భాగంలో రాగి రాత్రింబగళ్లు అరుగుతూనే ఉంటుంది.

తెగిన ట్రాకు వల్ల కలిగే లక్షణాలు ఊహించడం తేలికే. ఒక బటన్ పనిచేయదు, ఒక దీపం వెలగదు, నొక్కని మీట నొక్కినట్టు మోగుతూ ఉంటుంది. పాలిసిక్స్‌లో హోల్డ్, ఆర్పెజియేటర్, ప్రోగ్రామ్ బటన్లు తమంతట తాము మారిపోవడం ఈ బాపతే. తెగని ట్రాకుల మధ్య ఏర్పడే చాటు దారులు ఇంతకన్నా చిక్కు పెడతాయి. ఆ కాలపు వాద్యాల్లో డిజిటల్ నుంచి అనలాగ్‌లోకి మార్చే భాగం ఒక్కటే ఉండేది. అదే వంతులవారీగా ప్రతి పారామీటరుకూ కావలసిన వోల్టేజీని తయారుచేసి, స్విచ్ చిప్పు ద్వారా ఒక్కో చిన్న కెపాసిటరులో నింపేది. మళ్లీ వంతు వచ్చేదాకా ఆ కెపాసిటరు వోల్టేజీని పట్టి ఉంచాలి. ఉదాహరణకు 10 నానోఫారడ్ల కెపాసిటరును 10 మిల్లీసెకన్లకోసారి నింపుతున్నారనుకుందాం. తేమ పట్టిన క్షారం పొర వల్ల దానికీ గ్రౌండుకూ మధ్య 100 మెగోముల దారి ఏర్పడితే, మళ్లీ నింపేలోగా ఒక శాతం వోల్టేజీ కారిపోతుంది. 5 వోల్టుల్లో ఒక శాతం 50 మిల్లీవోల్టులు. ఆక్టేవుకు ఒక వోల్టు అనే ప్రమాణంలో ఒక అర్ధస్వరం 83 మిల్లీవోల్టులే కాబట్టి, ఈ నష్టం శ్రుతికి చెందిన వోల్టేజీలో జరిగితే శ్రుతి చెడిందని ఎవరికైనా వినిపిస్తుంది. ఆ దారి ఒక మెగోమే అయితే సగానికి పైగా వోల్టేజీ మాయం. మామూలు మల్టీమీటర్లలో చాలావాటికి 100 మెగోములను కొలిచే శక్తి ఉండదు. బోర్డు ఎంత కొలిచినా బాగానే ఉన్నట్టు చూపించి, వాయిస్తే మాత్రం తప్పుగా పలకడానికి కారణం ఇదే.

అందువల్ల ఈ పనిలో శుభ్రం చేయడం మొదటి మెట్టు, లోపం వెతకడం రెండోది. చాలామంది దీన్ని తిరగేస్తారు. మురికి బోర్డు మీద చిప్పులు మార్చుకుంటూ పోవడం డబ్బు దండగ.

వాద్యం ఇంకా కొంతవరకైనా పనిచేస్తుంటే ముందుగా అందులోని స్వరాల అమరికలను బయటికి తీసి దాచాలి. పాలిసిక్స్‌కు టేపు రికార్డరు జాక్ ఉంది, దాన్నుంచి డేటాను శబ్దంగా రికార్డు చేసుకోవచ్చు. తర్వాత బోర్డును నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి, కనెక్టర్లకు గుర్తులు పెట్టి, బయటికి తీయాలి. బ్యాటరీని కత్తిరించి తీసేసేటప్పుడు చేతులకు రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. క్షారం కంట్లో పడితే ఆమ్లం కన్నా లోతుగా గాయం చేస్తుంది. కాడ్మియం విషలోహం, క్యాన్సర్ కారకం కూడా. తెల్లటి పొడిని నోటితో ఊదడం, పొడిగా గీకడం రెండూ ప్రమాదమే. తడిపి తుడవాలి. తీసిన బ్యాటరీని చెత్తబుట్టలో వేయకూడదు. మన దేశంలో 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం అన్ని రకాల బ్యాటరీలనూ విడిగా సేకరణకు ఇవ్వాలి.

బ్యాటరీ కారిందనగానే చాలామంది వంటసోడా అందుకుంటారు. అది కారు బ్యాటరీల్లోని సల్ఫ్యూరిక్ ఆమ్లానికి విరుగుడు. ఇక్కడ కారింది క్షారం. సోడా కూడా క్షార స్వభావం గలదే కాబట్టి ఏ ప్రయోజనమూ లేదు. దీనికి కావలసింది బలహీనమైన ఆమ్లం. రంగులేని వెనిగర్ గానీ, నిమ్మ ఉప్పును నీళ్లలో కలిపిన ద్రావణం గానీ సరిపోతుంది. పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే కార్బొనేటు ఉన్నచోట కార్బన్ డయాక్సైడు బుడగలు లేస్తాయి. బుడగలు ఆగాయంటే పై పొర తటస్థమైందని అర్థం. అయితే ఆమ్లాన్ని బోర్డు మీద గంటలకొద్దీ ఉంచకూడదు. మిగిలిపోతే అది కూడా రాగిని తింటుంది. వెంటనే డిస్టిల్డ్ వాటర్‌తో రెండు మూడుసార్లు బాగా కడిగి, చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. బోర్డును నీళ్లతో కడగడమా అని వెనకాడనక్కర్లేదు. కరెంటు, బ్యాటరీ రెండూ లేనప్పుడు శుద్ధమైన నీరు బోర్డుకు హాని చేయదు. తేమ లోపల ఉండిపోతేనే హాని. 50, 60 డిగ్రీల వెచ్చని గాలిలో పూర్తిగా ఆరబెట్టాలి. నాబులు, స్లైడర్లు ఉన్న బోర్డయితే నీళ్లు వాటిలోకి పోకుండా చూసుకోవాలి.

పని పూర్తయిందో లేదో తేల్చడానికి బడి ప్రయోగశాలలో వాడే లిట్మస్ కాగితం చాలు. అనుమానమున్న చోట ఒక చుక్క డిస్టిల్డ్ వాటర్ వేసి ఎర్ర లిట్మస్‌ను తాకిస్తే, నీలంగా మారినచోట క్షారం ఇంకా ఉన్నట్టే. ఐసీల కింద, సాకెట్ల లోపల, కనెక్టర్ల పిన్నుల మొదట్లో ఇలా దాక్కున్న క్షారం తరచూ బయటపడుతుంది. అందుకే బ్యాటరీ చుట్టుపక్కల ఉన్న ఐసీలను, సాకెట్లను మొహమాటపడకుండా ఊడదీయడం ఉత్తమం.

ఊడదీయడంలోనూ ఒక చిక్కుంది. తగరం సీసం టంకం 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. క్షారం తిన్న టంకం పైన ఏర్పడే తగరపు ఆక్సైడు కరగాలంటే 1,600 డిగ్రీలు దాటాలి. సోల్డరింగ్ ఐరన్ ఎంతసేపు ఆనించినా చుక్క కరగకపోవడం, ఈలోగా వేడికి కింది రాగి గుండ్రం బోర్డు నుంచి లేచిపోవడం అందువల్లే. ముందుగా ఆ చుక్కను సన్నని ఫైబర్ గ్లాస్ బ్రష్‌తో గీకి, ఫ్లక్స్ పూసి, కొత్త టంకం కలిపితే పాతది లొంగుతుంది. చవకైన చిప్పును కాపాడబోయి బోర్డును పాడుచేసుకోవడం తెలివైన పని కాదు. చిప్పు కాళ్లను ఒక్కొక్కటిగా కత్తిరించి, మిగిలిన ముక్కలను విడివిడిగా తీస్తే ట్రాకులు బతుకుతాయి. పాలిసిక్స్ విషయంలో ఇక్కడొక అదృష్టం ఉంది. ఇప్పుడు తయారుకాని ఎస్ఎస్ఎం-2044 ఫిల్టర్ చిప్పులు బ్యాటరీ ఉన్న బోర్డు మీద లేవు, స్వరాల బోర్డు మీద విడిగా ఉన్నాయి. బ్యాటరీ పక్కన ఉన్నవి ఎక్కువగా 4000 వరుస లాజిక్ చిప్పులు. అవి ఇప్పటికీ చవగ్గా దొరుకుతాయి.

తర్వాత ట్రాకుల వంతు. పూత లేచినచోట, నల్లబడినచోట పూతను గీకి తీసి, కింద ఎర్రని రాగి మెరిసే వరకు శుభ్రం చేయాలి. ఎర్రదనం కనిపించే హద్దు దాటి మరికొన్ని మిల్లీమీటర్లు గీకడం మంచిది. తెగులు కనిపించే చోటికన్నా ముందుకు పోయి ఉంటుంది. బతికిన రాగి మీద పల్చగా టంకం పట్టిస్తే మళ్లీ తుప్పు పట్టకుండా ఉంటుంది. సర్క్యూట్ నక్ష పక్కన పెట్టుకుని ప్రతి ట్రాకునూ ఒక కొస నుంచి మరో కొస దాకా మల్టీమీటరుతో కొలవాలి. అర మిల్లీమీటరు వెడల్పు, పది సెంటీమీటర్ల పొడవు ఉన్న మంచి ట్రాకు నిరోధం ఓములో పదో వంతు మాత్రమే. మల్టీమీటరు బీప్ అన్నదంటే సరిపోయిందని అనుకోకూడదు. చాలా మీటర్లు ముప్పై, నలభై ఓములకు కూడా బీప్ అంటాయి. రెండు మూడు ఓములు చూపిస్తున్న ట్రాకు ఈరోజు పనిచేసినా, వాద్యాన్ని వేదికల మీదికి మోసుకుపోయినప్పుడు తెగుతుంది.

తెగిన ట్రాకుకు జంపర్ వేయాలి. పావు మిల్లీమీటరు మందమున్న, వేడికి తొడుగు తేలిగ్గా కరగని వైర్ రాపింగ్ తీగ ఇందుకు బాగా పనికొస్తుంది. తీగను ట్రాకు నడిచిన దారి వెంటే పరిచి, రెండు కొసలనూ కాంపొనెంటు కాళ్ల దగ్గరే టంకం వేస్తే బలంగా నిలుస్తుంది. ట్రాకు మధ్యలో అతికిస్తే పట్టు తక్కువ. రెండు పొరలను కలిపే రంధ్రం పాడైతే, దానిలోంచి సన్నని రాగి తీగ దూర్చి రెండు వైపులా టంకం పెడితే చాలు. జంపర్లతో నిండిన బోర్డు కంటికి ఇంపుగా ఉండదు, పాత వాద్యాల వ్యాపారులు దాన్ని చూసి ముఖం చిట్లిస్తారు. అయినా చక్కగా వేసిన జంపర్ పాత ట్రాకు కన్నా ఎక్కువ కాలం ఉంటుంది. పని ముగిశాక గీకిన భాగానికి రక్షణ వార్నిష్ పూయాలి. కింద క్షారం మిగిలి ఉంటే ఆ పూత మేలు చేయకపోగా తెగులును లోపలే బిగించి దాస్తుంది. కాబట్టి లిట్మస్ పరీక్ష అయ్యాకే దాని జోలికి పోవాలి.

కొత్త చిప్పులు పెట్టకముందే పవర్ సప్లై వోల్టేజీలు సరిగ్గా ఉన్నాయో లేదో, వాటికీ గ్రౌండుకూ మధ్య షార్ట్ ఏమైనా ఉందేమో చూసుకోవాలి. చిప్పులు పెట్టాక ప్రాసెసర్ గడియారం నడుస్తోందా, డేటా లైన్లు కదులుతున్నాయా అన్నది ఆసిలోస్కోపు మీద తెలుస్తుంది. ఏదైనా లైను ఎప్పుడూ ఒకే స్థాయిలో నిలిచిపోయి ఉంటే అది తెగిందో, పక్కదానికి అంటుకుందో అయి ఉంటుంది. చివరి పని ట్యూనింగ్. వోల్టేజీలు మారి ఉంటాయి కాబట్టి సర్వీసు పుస్తకంలో చెప్పిన క్రమంలో ట్రిమ్మర్లన్నీ మళ్లీ సరిచేయాలి.

కొత్త బ్యాటరీ విషయంలో అదే రకం నికెల్ కాడ్మియం తెచ్చి అదే చోట పెట్టడం పదేళ్ల తర్వాతి మరమ్మతుకు ఇప్పుడే బయానా ఇవ్వడం. ఎక్కువమంది ఎంచుకునేది సీఆర్ 2032 లిథియం నాణెం సెల్. దాని సామర్థ్యం సుమారు 220 మిల్లీ ఆంపియర్ అవర్లు. మెమరీ చిప్పు 2 మైక్రో ఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే లెక్క ప్రకారం పన్నెండేళ్లు దాటి వస్తుంది. ఈ సెల్‌ను ఛార్జ్ చేయకూడదు. చేస్తే ఉబ్బి పేలే ప్రమాదం ఉంది. పాత సర్క్యూట్ మాత్రం ఛార్జ్ చేయడానికే కట్టింది. అందువల్ల ఛార్జింగ్ రెసిస్టరును తీసేసి, సెల్‌లోకి కరెంటు వెనక్కి పోకుండా ఒక డయోడు పెట్టాలి. మెమరీ నిలవడానికి సుమారు 2 వోల్టులు కావాలి, సెల్ ఇచ్చేది 3. మధ్యలో డయోడు ఎంత తక్కువ తింటే అంత మంచిది కనుక షాట్కీ డయోడు వాడతారు. సెల్‌ను బోర్డు మీద టంకం వేయకుండా, తీగలతో హోల్డరులో, వాద్యం పెట్టెలో వేరే చోట బిగిస్తే అది ఎప్పుడైనా కారినా బోర్డు జోలికి రాదు. అసలు బ్యాటరీయే అక్కర్లేని ఫెర్రోఎలక్ట్రిక్ మెమరీ చిప్పులు కూడా ఉన్నాయి. వాటిలో చాలావాటి పిన్నులు, వోల్టేజీ పాత చిప్పుకు సరిపోవు కాబట్టి మధ్యలో చిన్న అడాప్టర్ బోర్డు కావాలి.

కొన్ని బోర్డులు ఈ స్థాయి దాటిపోయి ఉంటాయి. పది, పదిహేను ట్రాకులు తెగితే ఓపిక ఉన్నవారు బాగుచేయగలరు. బోర్డు పదార్థంలోకే క్షారం ఇంకిపోతే మాత్రం ఎంత కడిగినా తేమ రోజుల్లో చాటు దారులు మళ్లీ తెరుచుకుంటాయి. అటువంటప్పుడు బోర్డునే మార్చడం మేలు. పాలిసిక్స్‌కు కేఎల్‌ఎం-367 స్థానంలో పెట్టుకునే కొత్త బోర్డులను చిన్న తయారీదారులు చేసి అమ్ముతున్నారు. వాటిలో వాద్యాన్ని వేరే వాద్యాలతో, కంప్యూటరుతో అనుసంధానించే మిడి సౌకర్యం కలిపినవీ ఉన్నాయి. అంత పేరులేని వాద్యాలకు ఆ వెసులుబాటు లేదు. ఉన్న బోర్డును కాపాడుకోవడమే వాటికి మిగిలిన మార్గం.

ఇంత పనికీ మూలం కొన్ని పదుల రూపాయల బ్యాటరీని సమయానికి మార్చకపోవడం. మెమరీ ఉన్న 1980ల నాటి సింథసైజర్ ఇంట్లోనో, స్టూడియోలోనో, చర్చిలోనో పడి ఉన్నవారు దాన్ని మళ్లీ ఆన్ చేయబోయే ముందు ప్లగ్ తీసి, మూత విప్పి, లోపల ఎలాంటి బ్యాటరీ ఉందో చూడాలి. బోర్డుకు టంకం వేసిన నికెల్ కాడ్మియం బ్యాటరీ కనిపిస్తే, అది కారినట్టు కనిపించకపోయినా సరే, తీయించేయాలి.